పదోన్నతి ఫైలు మొదటి ఏడే మొదలవ్వాలి

విశ్వవిద్యాలయ అధ్యాపకుల పదోన్నతుల గురించి వార్త వస్తే చాలామంది అది జీతాల వ్యవహారమనుకుని పేజీ తిప్పేస్తారు. నెలకు లక్ష దాటిన జీతగాళ్ల గోడు మనకెందుకు అనుకోవడంలో వింతేమీ లేదు. కానీ ఆ ఫైళ్లు ఎలా తయారవుతాయో దగ్గరగా చూసినదాన్ని గనుక చెబుతున్నాను, అది మీ పిల్లల చదువుకు సంబంధించిన విషయం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బోటనీ చెప్పాను. శాఖాధిపతిగా పనిచేశాను. అంతర్గత నాణ్యతా విభాగమైన ఐక్యూఏసీలో కూర్చుని సహోద్యోగుల కాగితాలు సరిచూశాను. క్లాసు బాగా చెప్పే అధ్యాపకులు ప్రమోషన్ దగ్గరకొచ్చేసరికి తమ పని తాము రుజువు చేసుకోలేక తల్లడిల్లడం చూశాను. అరకొర పరిశోధనతో, డబ్బిచ్చి అచ్చేయించుకున్న వ్యాసాలతో కట్టిన ఫైళ్లు అందంగా బైండయి రావడమూ చూశాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏ ఏడాది పనిని ఆ ఏడాదే శాఖలో సరిచూడాలి, సంతకం పెట్టాలి, ఒక ప్రతి అధ్యాపకుడి చేతికివ్వాలి. ఇలా జరిగితే పదోన్నతి సమీక్ష అంటే అప్పటికే రాసిపెట్టిన దాన్ని చదవడం. జరగకపోతే మరిచిపోయిన పన్నెండేళ్లను మూడు నెలల్లో తవ్వి తీయడం.

పన్నెండేళ్లని ఊరికే అనలేదు. యూజీసీ 2018 జులై 18న ప్రకటించిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ 10వ లెవల్‌లో చేరతారు. నాలుగేళ్లకు 11వ లెవల్, ఆ తర్వాత ఐదేళ్లకు 12, మరో మూడేళ్లకు 13ఏ, అంటే అసోసియేట్ ప్రొఫెసర్. అక్కడి నుంచి ఇంకో మూడేళ్లకు ప్రొఫెసర్ హోదాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అన్నీ సకాలంలో జరిగితే చేరిన పదిహేనేళ్లకు ప్రొఫెసర్ అవుతారన్నమాట. దీన్నే కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్, మా వాడుకలో సీఏఎస్ అంటాం. ఇది ఖాళీ పోస్టు కోసం పోటీ కాదు. మంజూరైన పోస్టులో ఉన్న వ్యక్తికి ఇచ్చే వ్యక్తిగత పదోన్నతి. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు మళ్లీ మొదటి స్థాయికే వెళ్తుంది. కాబట్టి ఒకరికి వస్తే ఇంకొకరికి పోయేదేమీ లేదు. జరగాల్సిందల్లా ఆ వ్యక్తి చేసిన పనిని నిజాయతీగా కొలవడం.

ఏమేం కొలుస్తారు? మొదటిది బోధన. కేటాయించిన క్లాసుల్లో 80 శాతం, అంతకు మించి చెబితే 'గుడ్', 70 నుంచి 80 మధ్య ఉంటే 'సంతృప్తికరం', 70 కంటే తగ్గితే కాదు. రెండోది విద్యార్థుల కోసం, సంస్థ కోసం చేసిన పనులు: పరీక్షల విధులు, పాలనాపరమైన బాధ్యతలు, ఎన్‌ఎస్‌ఎస్, అధ్యయన యాత్రలు. మూడోది పరిశోధన. విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే కనీసం 7 పరిశోధన పత్రాలు, 70 స్కోరు ఉండాలి, ఒక్క స్కాలర్‌కైనా పీహెచ్‌డీకి గైడ్ చేసిన ఆధారం ఉండాలి. ప్రొఫెసర్‌కు 10 పత్రాలు, 110 స్కోరు. ఈ స్కోరు ఒకే దారిలో పోగేస్తే చెల్లదు. ఆరు విభాగాల్లో కనీసం మూడింటి నుంచి రావాలి. సెమినార్లలో చదివిన పత్రాలు, ఆహ్వాన ప్రసంగాలు, విధాన పత్రాలు అన్నీ కలిసి మొత్తంలో 30 శాతం దాటకూడదు. సైన్సు పత్రానికి మూల స్కోరు 8, భాషలు, సామాజిక శాస్త్రాల పత్రానికి 10. ఇద్దరు కలిసి రాస్తే చెరో 70 శాతం. ముగ్గురో నలుగురో రాస్తే ప్రధాన రచయితకు 70, మిగతావారికి తలా 30 శాతం.

ఈ లెక్క చేరిన రోజు తెలిసినవారికీ, పన్నెండో ఏట తెలిసినవారికీ ఉన్న తేడా ఎంతో ఊహించండి. మొదటివారు వ్యాసం పంపేటప్పుడే ప్రధాన రచయిత ఎవరో స్కాలర్‌తో, సహచరులతో మాట్లాడి రాసుకుంటారు. ఏటా ఒక సెమినార్ చాలనుకుని మిగతా సమయం పుస్తకంలో అధ్యాయానికో, ప్రాజెక్టుకో పెడతారు. రెండోవారు సంచీ నిండా సెమినార్ సర్టిఫికెట్లు తెచ్చి బల్ల మీద పోస్తారు. వాటిలో ఎక్కువ భాగం లెక్కకు రావని వినగానే వాళ్ల ముఖాల్లో కనిపించేది తాము మోసపోయామన్న బాధ. ఎవరూ మోసం చేయలేదు. ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పేవాళ్లు ఎవరికి ఉంటారు, ఎవరికి ఉండరు? నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే ప్రశ్న ఇది. తండ్రి ప్రొఫెసరో, మేనమామ డీనో అయిన వ్యక్తికి ఫైలు ఎలా కట్టాలో ఇంట్లో అన్నం దగ్గరే తెలుస్తుంది. తన గైడ్ అదే క్యాంపస్‌లో పలుకుబడి ఉన్నవాడైతే ఏ జర్నల్ మంచిదో, ఏ కాగితం మీద ఎవరి సంతకం ఉండాలో నడకలో తెలుస్తుంది. ఊళ్లో మొదటిసారి డిగ్రీ చదివి, హాస్టళ్లలో ఉండి పీహెచ్‌డీ చేసి, రిజర్వేషన్ ద్వారానో ఓపెన్‌లోనో ఉద్యోగం తెచ్చుకున్న మొదటి తరం అధ్యాపకుడికి ఆ నడక ఎవరితో? అతనికి ఎక్కువ క్లాసులు వేస్తారు, పరీక్షల డ్యూటీలు వేస్తారు, హాస్టల్ వార్డెన్ పని అంటగడతారు. అతను చేస్తాడు. వాటి ఉత్తర్వులు భద్రపరచుకోవాలని, క్లాసుల రిజిస్టర్ మీద ఏటా హెడ్ సంతకం తీసుకోవాలని అతనికి ఎవరూ చెప్పరు. పన్నెండేళ్ల తర్వాత అతని ఫైలు పలచగా ఉంటుంది. పని తక్కువ చేశాడని అందరూ అనుకుంటారు. చివరికి అతనూ అనుకుంటాడు. కాగితం లేకపోవడాన్ని ప్రతిభ లేకపోవడంగా చదివే ఈ అలవాటును నేను అన్యాయం అనే అంటాను.

మా శాఖ నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. బోటనీ విద్యార్థులను అడవికి తీసుకెళ్లకుండా ఆ చదువు చెప్పలేం. నల్లమలకూ శేషాచలానికీ వెళ్లాలి, మొక్కను దాని నేల మీద చూపించాలి, పూత, కాత గుర్తించడం నేర్పాలి, నమూనా తీసి అద్దుడు కాగితాల్లో పెట్టి హెర్బేరియం షీటు చేయించాలి. ముందురోజు రాత్రి నుంచి బస్సు, భోజనాలు, అటవీ శాఖ అనుమతి, ఆడపిల్లల బస, అన్నీ అధ్యాపకులే చూసుకోవాలి. ఆ యాత్ర నిబంధనల్లో లెక్కకు వచ్చేదే. కానీ లెక్కకు రావాలంటే రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చిన అనుమతి ఉత్తర్వు, విద్యార్థుల జాబితా, హెడ్ ధ్రువీకరణ కావాలి. ఆ ఏడాది చివర అడిగితే ఐదు నిమిషాల్లో దొరికే కాగితాలివి. పదేళ్ల తర్వాత ఆ హెడ్ రిటైరై ఉంటాడు, క్లర్కు బదిలీ అయి ఉంటాడు, పాత ఫైళ్లు ఏ గదిలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. నేను సరిచూసిన ఫైళ్లలో ఏళ్ల తరబడి పిల్లలను అడవుల్లో తిప్పిన ఒక అధ్యాపకురాలి దగ్గర ఆ యాత్రలకు ఒక్క ఉత్తర్వు కూడా లేదు. ఆమె చేయించిన షీట్లు మాత్రం మా బీరువాల్లో వరసగా ఉన్నాయి, వాటి లేబుళ్ల మీద తేదీలతో సహా. ఆ తేదీలు చూపించి నేనే ధ్రువీకరణ రాశాను. ప్రతి శాఖకూ అలాంటి బీరువా ఉండదు.

చివరి ఏడాది హడావుడి వల్ల ఇంకా పెద్ద నష్టం ఉంది. మూడు పత్రాలు తక్కువైన వ్యక్తి ముందు రెండు దారులుంటాయి: ఇంకో రెండేళ్లు ఆగడం, లేదంటే డబ్బు కట్టి వారంలో అచ్చేసే జర్నల్‌కు పంపడం. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు మీద పడి ఉన్న మనిషికి రెండోది ఎంత దగ్గరగా కనిపిస్తుందో చెప్పక్కర్లేదు. దేశంలో దొంగ జర్నళ్ల వ్యాపారం పెరగడానికి స్కోరు కోసం పడిన ఈ పరుగు పెద్ద కారణం. 2010 నిబంధనలు అధ్యాపకుడి పనిని అంకెల్లో కొలిచే ఏపీఐ స్కోరు తెచ్చాయి. సంఖ్యకు విలువ పెరిగింది, సంఖ్యను అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. యూజీసీ 2017లో ఆమోదిత జర్నళ్ల జాబితా ఇచ్చింది. 2018 మేలో అందులోంచి 4,305 జర్నళ్లను తీసేసింది. 2019లో దాని స్థానంలో కేర్ అనే కొత్త జర్నళ్ల జాబితా తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసి, జర్నల్ మంచిచెడ్డలు సంస్థలే నిర్ణయించుకోవాలంది.

ఇన్ని మార్పుల మధ్య 2017లో వ్యాసం వేసిన అధ్యాపకుడు 2026లో కమిటీ ముందు కూర్చుంటే, ఆ జర్నల్ ఆ రోజు జాబితాలో ఉందో లేదో ఎవరు చెప్పాలి? వ్యాసం వచ్చిన ఏడాదే శాఖలో ఇద్దరు కూర్చుని దాన్ని చదివి, జర్నల్ వివరాలు చూసి, ఆనాటి జాబితా పేజీ ప్రింటు జతపరిచి సంతకం పెడితే ఆ ప్రశ్నే రాదు. అంతకంటే ముఖ్యమైన మేలు ఇంకొకటి ఉంది. నా వ్యాసాన్ని నా పక్క గదిలో ఉన్నవాళ్లు ఏడాది చివర చదువుతారని తెలిస్తే, చదవడానికి సిగ్గుపడే వ్యాసం నేను పంపను. దొంగ జర్నళ్లకు ఏ జాబితా వేయలేని అడ్డుకట్ట ఇది.

ఇదంతా నా సొంత ఊహ కాదు. ప్రతి అధ్యాపకుడూ ఏటా స్వీయ మూల్యాంకన నివేదిక ఇవ్వాలని, దాన్ని ఆధారాలతో సరిచూడాలని 2018 నిబంధనల్లోనే ఉంది. ఐక్యూఏసీ సంస్థకు పత్రాలు భద్రపరిచే విభాగంగా పనిచేయాలనీ ఉంది. చాలాచోట్ల జరుగుతున్నదేమిటంటే సంస్థలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తుందన్న ఏడాది అందరి దగ్గరా వివరాలు లాగుతారు, బృందం వెళ్లగానే ఆ వివరాలున్న కంప్యూటర్‌కు తాళం పడుతుంది. సంస్థ గ్రేడు కోసం సేకరించిన సమాచారమే అధ్యాపకుడి పదోన్నతికీ పనికొస్తుంది. దాన్ని అతని చేతికి ఇవ్వాలన్న ఆలోచన మాత్రం రాదు.

విశ్వవిద్యాలయం వైపు నుంచి ఇంకో బాధ్యత ఉంది. అర్హత తేదీకి మూడు నెలల ముందే అధ్యాపకుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టిన నాటి నుంచి ఆరు నెలల్లో ప్రక్రియ పూర్తి చేయాలని నిబంధన. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ ఆరు నెలలు ఏళ్లుగా సాగడం అందరికీ తెలిసిందే. వైస్ చాన్సలర్ పోస్టు ఖాళీగా ఉందని, ఇన్‌చార్జి నిర్ణయం తీసుకోలేరని, నిపుణుల జాబితా రాలేదని, కోర్టు కేసు ఉందని, ఎప్పుడూ ఏదో ఒక కారణం. ఈలోగా నిబంధనల్లోని మరో వాక్యం కత్తిలా వేలాడుతూ ఉంటుంది: ఎంపిక కమిటీ పరిశీలించే రోజుకు అధ్యాపకుడు సర్వీసులో ఉండి తీరాలి. మా పక్క శాఖలో ఒకాయన ప్రొఫెసర్ హోదాకు దరఖాస్తు పెట్టారు, అర్హతలన్నీ ఉన్నాయి. కమిటీ కూర్చోలేదు. ఆయన అసోసియేట్ ప్రొఫెసర్‌గానే రిటైరయ్యారు. పాత పింఛను విధానంలో ఉన్నవారు గనుక చివరి జీతం లెక్క ఆయన పింఛనుకూ వర్తించింది. అంతకు ముందు మెట్టు దగ్గర జీతంలో తేడా కూడా చూడండి. 12వ లెవల్ ప్రారంభ మూలవేతనం 79,800, 13ఏ ప్రారంభం 1,31,400. ఇంత దూరమున్న మెట్టు దగ్గర మనిషిని ఏళ్ల పాటు నిలబెట్టేవారికి ఆ ఇంటి సంగతి పట్టాలి. పీహెచ్‌డీ ప్రవేశాల నోటిఫికేషన్ ఏళ్ల తరబడి ఇవ్వకుండా, స్కాలర్‌కు గైడ్ చేసిన ఆధారం చూపించమని అడగడమూ ఇలాంటి అన్యాయమే.

మహిళా అధ్యాపకులకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు, వైద్య సెలవు, చదువు సెలవు తీసుకున్న కాలాన్ని బోధన గ్రేడు లెక్క నుంచి మినహాయించాలని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. మిగిలిన కాలంలో చేసిన పనినే మొత్తానికి వర్తింపజేయాలి. ఇది తెలియక "నేను రెండు సెమిస్టర్లు లేను కదా మేడమ్, వచ్చే ఏడు పెట్టుకుంటాను" అని తమంతట తామే వెనక్కి తగ్గిన ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చారు. అమ్మా, అది మీ హక్కు, ఎవరి దయా కాదు. సెలవు ఉత్తర్వుల ప్రతులు ఫైల్లో మొదటి పేజీల్లోనే పెట్టండి.

అమెరికాలో అధ్యాపకులుగా స్థిరపడిన మా పూర్వ విద్యార్థులు అక్కడి టెన్యూర్ సమీక్ష గురించి చెబుతుంటారు. అది ఇంతకంటే కఠినం. సాధారణంగా ఆరో ఏట సమీక్ష జరుగుతుంది, నెగ్గకపోతే ఆ విశ్వవిద్యాలయం వదిలి వెళ్లాల్సిందే. మన దగ్గర ఏడాది, మహా అయితే రెండేళ్ల ప్రొబేషన్‌తో ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ భయం మనకు వద్దు. కానీ అక్కడి పద్ధతిలో ఒకటి మనం తీసుకోవాలి. చాలా సంస్థల్లో ఏటా సమీక్ష ఉంటుంది, మూడో ఏట మరింత లోతుగా చూసి, ఫలానా చోట బలంగా ఉన్నావు, ఫలానా చోట లోటుంది అని రాతపూర్వకంగా చెబుతారు. దిద్దుకోవడానికి ఇంకా సమయం ఉండగానే చెబుతారు. మన కమిటీలు లోటు చెప్పేది ఇంటర్వ్యూ గదిలో, దిద్దుకునే వేళ దాటిపోయాక. మొదటిసారి నెగ్గకపోతే మళ్లీ నెగ్గిన తేదీ నుంచే పదోన్నతి లెక్క కడతారు కాబట్టి ఆ ఆలస్యం సర్వీసంతా వెంటాడుతుంది.

నా ప్రతిపాదనకు అభ్యంతరాలున్నాయి. అధ్యాపకుడు చదువు చెప్పాలా, రసీదులు పోగు చేసుకోవాలా అని గట్టిగా అడిగే మిత్రులున్నారు. వారి ఆవేదన నాకు అర్థమవుతుంది. కాగితాల పని ఇప్పటికే ఎక్కువైంది. కానీ ఏడాదికి ఒక పూట శాఖ అంతా కూర్చుని చూసుకుంటే, పన్నెండో ఏట మూడు నెలలు క్లాసులు వదిలేసి కార్యాలయాల చుట్టూ తిరిగే పని తప్పుతుంది. రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. శాఖల్లో కులం ఉంది, ముఠాలున్నాయి, హెడ్‌కు ఏటా సంతకం అధికారం ఇస్తే దాన్ని కక్షకు వాడతాడని. ఈ భయం నిజమైనదే. అందుకే సంతకం ఒక్కరిది కాకూడదు. శాఖ నుంచి ఒకరు, బయటి శాఖ నుంచి ఒకరు సరిచూడాలి. ఏదైనా కాదంటే కారణం రాతలో ఇవ్వాలి. నెలలోగా డీన్‌కు అప్పీలు చేసుకునే వీలుండాలి. ఇప్పుడు ఉన్నది కూడా హెడ్ సంతకమే గదా, అదీ పన్నెండేళ్ల పనికి ఒకేసారి. ఏటా జరిగే అన్యాయాన్ని ఆ ఏడే ఎదిరించవచ్చు. పన్నెండేళ్లది ఒకేసారి ఎదిరించడం ఎవరి తరమూ కాదు.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా స్కోర్లను పక్కన పెట్టి, తొమ్మిది రంగాల్లో కనీసం నాలుగింట చెప్పుకోదగ్గ కృషి చూపాలని ప్రతిపాదించింది. వాటిలో భారతీయ భాషల్లో బోధన ఉంది, వినూత్న బోధన ఉంది, సమాజ సేవ ఉంది. తెలుగులో సైన్సు చెప్పి, తెలుగులో నోట్సు రాసి, మొదటి తరం పిల్లలను పీజీ దాకా తెచ్చిన అధ్యాపకుల పనికి గుర్తింపు దొరికే ఆలోచన గనుక దాన్ని నేను మనసారా స్వాగతిస్తాను. కానీ వినూత్న బోధనను రుజువు చేయడం పత్రాల సంఖ్య రుజువు చేయడం కంటే కష్టం. ఏ ఏడాది ఆ క్లాసులో ఏం మారిందో అప్పుడే చూసి రాసినవారు లేకపోతే, కొత్త కొలమానం కూడా మాటకారితనానికీ పలుకుబడికీ లొంగుతుంది. కొలమానం ఏదైనా ఏటేటా రాసిన సాక్ష్యమే దానికి ఆధారం.

కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నా సలహా ఇది. ఈ వారమే 2018 నిబంధనల్లోని రెండో అనుబంధం తెరిచి మొదటి రెండు పట్టికలూ చదవండి. మీ టైమ్ టేబుల్, క్లాసుల రిజిస్టర్ మీద సెమిస్టర్ పూర్తయిన వారంలో హెడ్ సంతకం తీసుకోండి. మీకు ఏ పని అప్పగించినా నోటి మాటతో చేయకండి, ఉత్తర్వు అడగండి. ఓరియెంటేషన్, రిఫ్రెషర్ కోర్సులకు చివరి ఏడాది దాకా ఆగకండి. మీ స్కాలర్ థీసిస్ సమర్పించిన కాగితం, డిగ్రీ ఇచ్చిన నోటిఫికేషన్ రెండూ మీ దగ్గర ఉంచుకోండి. పత్రాలు తక్కువైనా సరే, మీ పేరు చూసి గర్వపడేవే రాయండి.

విశ్వవిద్యాలయాలను, రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లను నేను అడిగేవి మూడు. ఏటా విద్యా సంవత్సరం ముగిసిన నెలలోగా ప్రతి శాఖలో సమీక్ష జరిపి, సంతకం చేసిన ప్రతిని అధ్యాపకుడికి ఇవ్వండి. నాలుగో ఏటి లోపు ప్రతి ఒక్కరికీ లోటుపాట్లు రాతపూర్వకంగా చెప్పండి. సీఏఎస్ దరఖాస్తుల తేదీలు, అవి ఏ దశలో ఉన్నాయో వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టండి, ఆరు నెలలు దాటితే కారణం కూడా అక్కడే రాయండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. ఇంకో వాస్తవం మరిచిపోవద్దు: అదే శాఖల్లో ఏళ్లుగా పాఠాలు చెబుతున్న కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులకు ఈ మెట్లలో మొదటి మెట్టు కూడా లేదు. వారి ప్రశ్నకు ప్రభుత్వాలు విడిగా జవాబు చెప్పాలి. కానీ రెగ్యులర్ పోస్టుల్లో ఉన్నవారి పనినైనా సకాలంలో, న్యాయంగా కొలవలేని విశ్వవిద్యాలయం విద్యార్థి జవాబుపత్రాన్ని న్యాయంగా కొలుస్తుందని తల్లిదండ్రులు ఎలా నమ్ముతారు? ఈ విద్యా సంవత్సరం ముగిసేలోగా ఒక్క విశ్వవిద్యాలయమైనా మొదలుపెడితే, మిగతావాటిని అడగడానికి అధ్యాపకులకు ఒక ఉదాహరణ దొరుకుతుంది.